అడిగేవాళ్లు, చెప్పేవాళ్లు, మధ్యలో ఓ తెర

ఫొటోకాపీ యంత్రం మొరాయిస్తే మాన్యువల్ తీయాలి. అందులో చెప్పిన వరుసలో ఒక్కొక్క పరీక్షా చేసుకుంటూ పోవాలి. జిరాక్స్ కంపెనీ తన సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణలో నేర్పింది ఇదే. 1980లలో జూలియన్ ఆర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు వాళ్ల వెంట తిరిగి చూస్తే పని జరిగే తీరు వేరుగా ఉంది.

ఒకచోట యంత్రం ఏదో ఎర్రర్ కోడ్ చూపిస్తోంది. మాన్యువల్ చెప్పిన భాగం మార్చినా లోపం పోలేదు. టెక్నీషియన్ తనకంటే అనుభవం ఉన్న మరొకరిని పిలిపించుకున్నాడు. ఆయనకూ వెంటనే అంతు చిక్కలేదు. యంత్రాన్నే మార్చేస్తే గొడవ వదిలేది గానీ, కస్టమర్ ముందు చేతకాదని ఒప్పుకున్నట్టవుతుంది. ఇద్దరూ యంత్రాన్ని మళ్లీ మళ్లీ నడిపి చూస్తూ, ఫలానా చోట అప్పుడు ఇలాగే అయిందంటూ పాత కేసులు తిరగేశారు. ఒకరికి సగమే గుర్తున్న సంగతిని ఇంకొకరు పూరించారు. మాట మీద మాట వచ్చి చివరికి అసలు లోపం బయటపడింది. ఆ కేసు తర్వాత భోజనాల దగ్గర చెప్పుకునే కథ అయి మిగతా టెక్నీషియన్ల చెవిన కూడా పడింది.

ఆర్ తన పరిశీలనలను 1996లో పుస్తకంగా తెచ్చారు. ఉద్యోగులు పనిలో నేర్చుకునేదాంట్లో చాలా భాగం తోటివాళ్ల మధ్యే జరుగుతోందని అప్పటికే చాలామంది గుర్తించారు. దాని వెంటే ఇంకో ప్రశ్న పుట్టింది. భోజనాల బల్ల దగ్గర ఆరుగురికి అందే సంగతిని ఆరువేలమందికి అందించే సాధనం తయారు చేయవచ్చా? ముప్పై ఏళ్లకు పైగా కంపెనీలు, విశ్వవిద్యాలయాలు, ప్రభుత్వాలు ఈ పని మీద డబ్బూ కాలమూ ఖర్చు పెట్టాయి. కొన్ని ప్రయత్నాలు నిలిచాయి, చాలా కూలిపోయాయి. నిలిచినవాటిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక పోలిక కనిపిస్తుంది. అడిగేవాళ్లకూ చెప్పేవాళ్లకూ మధ్య ఉన్న సంబంధాన్ని అవి జాగ్రత్తగా కాపాడాయి. కూలినవి ఆ సంబంధాన్ని పక్కన పెట్టి, సమాచారాన్ని పోగు చేయడంలో పడ్డాయి.

కళ్లెదుట జరిగే పని

ఈ చర్చకు పునాది వేసినవాళ్లలో పరిశోధకులు జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ ముందుంటారు. 1991లో వచ్చిన వాళ్ల చిన్న పుస్తకంలో లైబీరియా దర్జీలు, మెక్సికోలో యుకటాన్ ప్రాంతపు మంత్రసానులు, అమెరికా సూపర్‌మార్కెట్లలో మాంసం కోసేవాళ్లు కనిపిస్తారు. దర్జీ దగ్గర చేరిన కుర్రాడు మొదట గుండీలు కుడతాడు, అంచులు మడుస్తాడు. తర్వాత కుట్టుపని, చివరికి కత్తిరింపు. ఏ దశలో ఉన్నా పూర్తయిన బట్టా, గురువు చేతులూ వాడి కళ్లెదుటే ఉంటాయి. మంత్రసాని ఇంట్లో పుట్టిన ఆడపిల్ల కబుర్లు వింటూ, చిన్న చిన్న పనులు అందుకుంటూనే ఆ వృత్తిలోకి వస్తుంది.

మాంసం కోసేవాళ్ల సంగతి దీనికి పూర్తిగా భిన్నం. కొత్తగా చేరినవాళ్లను ప్యాకింగ్ యంత్రం దగ్గర నిలబెట్టారు. చేయి తిరిగినవాళ్లు ముక్కలు కోసే చోటు వాళ్లకు కనపడదు. ఏళ్ల తరబడి అదే కొట్లో ఉన్నా అసలు పని పట్టుబడలేదు. సాంకేతికతను రూపొందించేవాళ్లకు ఇందులో పెద్ద పాఠం ఉంది. తెలిసినవాళ్ల పని తెలియనివాళ్ల కంటపడేలా చేస్తే సాధనం నేర్పుతుంది. మరుగున పెడితే ఎన్ని వీడియో పాఠాలు జోడించినా లోటు తీరదు.

బ్రిటన్‌లో మైకెల్ ఎరాట్ అనే పరిశోధకుడు నర్సులు, ఇంజనీర్లు, అకౌంటెంట్లు ఎలా నేర్చుకుంటున్నారో ఏళ్లపాటు పరిశీలించారు. నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం పనిలోంచి, పక్కనున్నవాళ్ల నుంచి వచ్చిందే. అయితే ఏం నేర్చుకున్నారని అడిగితే వాళ్లకు గుర్తొచ్చేది హాజరైన కోర్సులే. పని మధ్యలో పట్టుబడిన సంగతులు నేర్చుకోవడం కింద వాళ్ల లెక్కలోకే రావు. ఆ నేర్పు కంటికి ఆనదు కాబట్టే యాజమాన్యాలు దానికి సమయం కేటాయించవు.

ఇదే సందర్భంలో మానవ వనరుల విభాగాలు తరచూ చెప్పే 70-20-10 సూత్రం వినపడుతుంది. నేర్చుకోవడంలో 70 శాతం పని అనుభవం, 20 శాతం తోటివాళ్లు, 10 శాతం తరగతులు అన్నది దాని సారం. ఇది 1980లలో అమెరికాలో విజయవంతమైన మేనేజర్లు తమ గురించి తాము చెప్పుకున్నదాని నుంచి తీసిన అంచనా. నర్సుకూ వెల్డర్‌కూ అవే పాళ్లు వర్తిస్తాయని ఎవరూ కొలిచి చూపలేదు. అది చూపించే దిశ సరైనదే. ఆ అంకెల మీద బడ్జెట్లు కట్టడం మాత్రం తగదు.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

పనిలో చిక్కు వచ్చినప్పుడు మొదట కావాల్సింది జవాబు తెలిసిన మనిషి. ఎంఐటీకి చెందిన థామస్ ఆలెన్ ప్రయోగశాలల్లో ఇంజనీర్ల మాటామంతీని కొలిచి 1977లో ఒక సంగతి చెప్పారు. ఇద్దరి సీట్ల మధ్య దూరం కొద్ది పదుల మీటర్లు దాటేసరికి వాళ్లు మాట్లాడుకోవడం బాగా తగ్గిపోతుంది. మనిషి దగ్గర్లో ఉన్నవాళ్లనే అడుగుతాడు. దగ్గరివాళ్లకు తెలిసింది చాలావరకు అతనికీ తెలిసే ఉంటుంది.

అంతకు నాలుగేళ్ల ముందే సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానొవెటర్ ఉద్యోగాలు మారినవాళ్లను పరిశీలించి, కొత్త కబురు ప్రాణస్నేహితుల కంటే ముఖపరిచయస్తుల ద్వారానే ఎక్కువగా వస్తుందని చూపారు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఈ మాటను లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మందిపై, అయిదేళ్ల ప్రయోగాల సాయంతో పరీక్షించింది. ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చింది మరీ దగ్గరివాళ్లూ కాదు, ఒట్టి పేరు మాత్రమే తెలిసినవాళ్లూ కాదు. కొద్దిపాటి ఉమ్మడి మిత్రులు ఉన్న మధ్యరకం పరిచయాలు. ఉద్యోగ సమాచారం గురించి తేలిన ఈ సంగతిని వృత్తి చిట్కాలకు యథాతథంగా అన్వయించలేం. పరిచయాలను ఊరికే పెంచుకుంటూ పోయే సాధనం కంటే, పక్క జట్టులో, పక్క ఊళ్లో అదే పని చేస్తున్న మనిషిని చూపే సాధనం మేలని అనుకోవడానికి మాత్రం ఇది ఆధారం.

మనిషి దొరికినా అడగడానికి నోరు రావాలి. హార్వర్డ్ పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లపై 1996లో ప్రచురించిన అధ్యయనం ఇక్కడ కీలకం. మంచి నాయకత్వం, సఖ్యత ఉన్న వార్డుల్లో పొరపాట్లు తక్కువ ఉంటాయనుకుంటే, నమోదైన లెక్కల్లో అక్కడే ఎక్కువ తేలాయి. ఆ వార్డుల్లో నర్సులు పొరపాటును దాచకుండా చెబుతున్నారు. మిగతాచోట్ల భయంతో కప్పిపెడుతున్నారు. జట్టులో భయం లేకుండా మాట్లాడగలగడమే నేర్చుకోవడానికి తొలిమెట్టు అని ఒక తయారీ కంపెనీలోని 51 జట్లపై ఆమె 1999లో ప్రచురించిన అధ్యయనం మరింత గట్టిగా చెప్పింది.

ఈ భయాన్ని డిజైన్‌లోనే ఎదుర్కొన్న తొలి సాధనాల్లో 'ఆన్సర్ గార్డెన్' ఒకటి. ఎంఐటీలో మార్క్ ఆకర్‌మన్ 1990 ప్రాంతంలో దీన్ని రూపొందించారు. ఉద్యోగి మొదట పాత ప్రశ్నోత్తరాల్లో వెతుక్కుంటాడు. దొరక్కపోతే ప్రశ్న తగిన నిపుణుడికి వెళ్తుంది. అడిగిందెవరో నిపుణుడికి తెలియదు. ఆయన ఇచ్చిన జవాబు ప్రశ్నోత్తరాల్లో చేరి తర్వాతివాళ్లకు పనికొస్తుంది. అడిగినవాడి పేరు దాచడం, ఒక జవాబును పదిమందికి దక్కించడం అనే ఈ రెండు ఆలోచనలూ నేటికీ పాతబడలేదు.

కూలినవి ఎందుకు కూలాయి

1990లలో పెద్ద కంపెనీలు ఉద్యోగుల అనుభవాన్ని డేటాబేసుల్లోకి ఎక్కించాలని ఉత్సాహపడ్డాయి. ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో సమాచారం పంచుకునేందుకు లోటస్ నోట్స్ అనే సాఫ్ట్‌వేర్ ప్రవేశపెట్టిన తీరును పరిశోధకురాలు వాండా ఒర్లికోవ్‌స్కీ 1992లో రికార్డు చేశారు. సాఫ్ట్‌వేర్ అందరి కంప్యూటర్లలోకీ వచ్చింది. పంచుకోవడం మాత్రం రాలేదు. ఆ సంస్థలో పై మెట్టు ఎక్కకపోతే బయటికి పోవాల్సిందే. తోటివాళ్లు పోటీదారులు. తనకు మాత్రమే తెలిసిన సంగతే తన బలం. పైగా ప్రతి గంటనూ ఏదో ఒక క్లయింటు ఖాతాలో రాయాలి. నోట్స్ నేర్చుకునే గంట ఏ ఖాతాలో రాయాలో ఎవరూ చెప్పలేదు. జీతం, పదోన్నతి ఒక దారిన నడుస్తుంటే సాఫ్ట్‌వేర్ మరో దారిన లాగలేకపోయింది.

జొనాథన్ గ్రూడిన్ అనే పరిశోధకుడు 1988లోనే ఇంకో కారణం చెప్పి ఉన్నారు. చాకిరీ ఒకరిదీ ఫలితం ఇంకొకరిదీ అయిన సాధనం నిలవదు. ఉమ్మడి క్యాలెండర్ మేనేజర్‌కు సౌకర్యం. దాన్ని రోజూ నింపే శ్రమ కింది ఉద్యోగులది. అనుభవాల డేటాబేసు కూడా అంతే. రాసేవాడికి అదనపు పని, చదివేవాడు ఎవరో తెలియదు, పేరు వచ్చేది ఆ విభాగాధిపతికి.

పేరు నిలిపిన యురేకా

జిరాక్స్ కథకు రెండో భాగం ఇక్కడే ఉంది. ఆ సంస్థ పరిశోధన కేంద్రం 'పార్క్'లోని శాస్త్రవేత్తలు కృత్రిమ మేధతో యంత్రాల లోపాలు కనిపెట్టే వ్యవస్థను తయారు చేసి టెక్నీషియన్లకు చూపారు. వాళ్లు పెదవి విరిచారు. డిజైన్ పత్రాల ఆధారంగా పట్టుబడే లోపాలను వాళ్లు ఎలాగూ పట్టుకోగలరు. వాళ్లను సతాయించేవి ఏ పత్రంలోనూ లేనివి. అలాంటివాటికి విరుగుళ్లను జేబు పుస్తకాల్లో రాసుకుని తమలో తాము చెప్పుకుంటున్నారు.

శాస్త్రవేత్తలు దారి మార్చుకున్నారు. ఆ జేబు పుస్తకాల చిట్కాలనే అందరికీ చేర్చే 'యురేకా' 1990ల తొలి సగంలో ఫ్రాన్స్‌లో మొదలైంది. అక్కడ అప్పటికే వాడుకలో ఉన్న, ఫోన్ లైన్ల మీద సమాచారం అందించే మినిటెల్ టెర్మినళ్లే దానికి తొలి వాహనం. టెక్నీషియన్ చిట్కా పంపితే, ఆ యంత్రం బాగా తెలిసిన తోటి నిపుణులు పరీక్షించి చూసేవాళ్లు. సరైనదని తేలితేనే, రాసినవాడి పేరుతో అందరికీ కనిపించేది. చిట్కాకు డబ్బు ఇవ్వాలా అన్న చర్చ వస్తే టెక్నీషియన్లే వద్దన్నారు. డబ్బు పెడితే నాసిరకం చిట్కాలు గుట్టలు పడతాయన్నది వాళ్ల భయం. పేరు ఉంటే చాలన్నారు.

ఫ్రాన్స్ నుంచి ఈ వ్యవస్థ కెనడాకు, తర్వాత అమెరికాతో పాటు ఎన్నో దేశాలకు పాకింది. బ్రెజిల్‌లో 40 వేల డాలర్ల యంత్రాన్ని మార్చేయబోతున్న చోట, మాంట్రియల్ టెక్నీషియన్ ఒకరు రాసిపెట్టిన చిట్కా దొరికి, అర డాలరు ఖరీదు చేసే చిన్న విడిభాగంతో సమస్య తీరిన ఉదంతం ప్రసిద్ధం. ఆ ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఉండరు. పరీక్షించిన చిట్కా, దాని కింద ఒక పనివాడి పేరు వాళ్ల మధ్య నమ్మకాన్ని నిలిపాయి.

న్యూమెక్సికో పాఠం

వృత్తి బృందాల ద్వారా నేర్చుకోవడంలో గట్టి ఫలితాలు చూపిన ఉదాహరణ కావాలంటే వైద్యరంగానికి వెళ్లాలి. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రంలో 28 వేలమందికి పైగా హెపటైటిస్-సి రోగులు ఉంటే, చికిత్స అందింది 5 శాతం లోపు మందికే. ఆల్బుకర్కీలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో భారత సంతతి వైద్యుడు సంజీవ్ అరోరాను చూడాలంటే ఎనిమిది నెలలదాకా ఆగాల్సి వచ్చేది. దూరపు పల్లెల రోగులు వందల కిలోమీటర్లు ప్రయాణించేవాళ్లు. ఆయన 2003లో 'ప్రాజెక్ట్ ఎకో' మొదలుపెట్టారు.

పద్ధతి తేలికైనదే. వారానికోసారి నిర్ణీత వేళకు పల్లె క్లినిక్కుల్లోని డాక్టర్లు, నర్సులు, జైళ్లలో పనిచేసే వైద్యులు వీడియోలో కలుస్తారు. ఒకరు తన రోగి కేసును పేరు చెప్పకుండా వివరిస్తారు. వయసు, పరీక్షల ఫలితాలు, వాడుతున్న మందులు, తనను ఇబ్బంది పెడుతున్న అసలు ప్రశ్న. మొదట తోటి పల్లె వైద్యులు తమ అనుభవం చెబుతారు, తర్వాత నిపుణుల బృందం సలహా ఇస్తుంది. చికిత్స బాధ్యత మాత్రం ఆ పల్లె వైద్యుడిదే. నిపుణుడే తెర మీద రోగిని చూసే టెలిమెడిసిన్‌కూ దీనికీ తేడా ఇక్కడుంది. టెలిమెడిసిన్‌లో ఒక రోగికి వైద్యం అందుతుంది. ఇందులో ఒక వైద్యుడు తయారై ఆ తర్వాత వచ్చే రోగులందరికీ పనికొస్తాడు. వింటున్న మిగతావాళ్లు కూడా ఆ కేసును తమ ఖాతాలో వేసుకుంటారు.

2011లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' 407 మంది రోగుల ఫలితాలను ప్రచురించింది. విశ్వవిద్యాలయ క్లినిక్‌లో 57.5 శాతం మందికి వైరస్ అదుపులోకి వస్తే, 21 పల్లె, జైలు కేంద్రాల్లో 58.2 శాతం మందికి వచ్చింది. తీవ్రమైన దుష్ఫలితాలు విశ్వవిద్యాలయంలో 13.7 శాతం ఉంటే ఆ కేంద్రాల్లో 6.9 శాతమే. పనిలో నేర్చుకోవడం గురించిన చాలా అధ్యయనాలు 'మీకు ఉపయోగపడిందా' అనే ప్రశ్నపత్రంతో ఆగిపోతాయి. ఇది రోగి ఆరోగ్యం దాకా వెళ్లి కొలిచింది. ఈ నమూనా తర్వాత ఎన్నో దేశాలకు విస్తరించింది. బెంగళూరులోని నిమ్హాన్స్ మానసిక ఆరోగ్యం, వ్యసన చికిత్సల్లో జిల్లాల వైద్యులకు ఈ దారిలోనే తోడ్పడుతోంది.

ఇందులో వాడిన సాంకేతికత మామూలు వీడియో కాల్. డిజైన్ అంతా సమావేశాన్ని నడిపే తీరులో ఉంది. వేళ తప్పకుండా కలవడం, నిజమైన కేసు, తోటివాళ్ల మాట ముందు, నిపుణుల మాట తర్వాత, తెలియదని చెప్పినవారిని చిన్నబుచ్చకపోవడం.

పనివాళ్లతో కలిసి గీసిన నమూనా

యూరప్‌లో 2012 నుంచి 2016 దాకా నడిచిన 'లెర్నింగ్ లేయర్స్' ప్రాజెక్టు చిన్న సంస్థల మీద దృష్టి పెట్టింది. బ్రిటన్‌లో కుటుంబ వైద్యుల క్లినిక్కులు, ఉత్తర జర్మనీలో భవన నిర్మాణ రంగం దాని ప్రయోగశాలలు. జర్మనీలోని రోస్ట్రప్ శిక్షణ కేంద్రంలో తాపీ, వడ్రంగం వంటి పనులు నేర్చుకునే అప్రెంటిస్‌లు తాము చేసిన పనులను ఒక తెల్ల ఫైలులో రాసి దాచుకుంటారు. పరిశోధకులు మొదట ఆ ఫైలునే కంప్యూటర్లోకి ఎక్కిద్దామనుకున్నారు. శిక్షకులతో కూర్చుని మాట్లాడాక అది ఆశించినంత మేలు చేయదని అర్థమైంది. కాగితాన్ని తెర మీదికి మార్చడంతో పని చేసే చోట ఎదురయ్యే సందేహం తీరదు. దాని బదులు ఆ పనికి కావాల్సిన కొలతలు, భద్రతా సూచనలు, వీడియోలు, మాట్లాడాల్సిన మనుషులు ఫోన్‌లో ఒకేచోట దొరికేలా 'లెర్నింగ్ టూల్‌బాక్స్' రూపొందింది. ఏ పనికి ఏమేం పెట్టాలో శిక్షకులే కూర్చుకోగలిగారు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ల లోకంలో ఇంతకంటే పెద్ద ప్రయోగం 2008లో మొదలైన స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల వెబ్‌సైటు. 2011 నాటి ఒక అధ్యయనం ప్రకారం అక్కడ అడిగిన ప్రశ్నల్లో 92 శాతానికి జవాబు దొరికింది. తొలి జవాబుకు పట్టిన మధ్యస్థ సమయం 11 నిమిషాలు. పేరు పక్కన పెరిగే పాయింట్లు, పాత ప్రశ్నను తిరిగి అడగనివ్వని కఠిన నియమాలు, వాటిని కాపాడే సభ్యులు దాని బలం. ఆ కాఠిన్యమే కొత్తవాళ్లను బెదరగొట్టింది. మొదటి ప్రశ్న అడిగి చీవాట్లు తిని మళ్లీ ఆ వైపు రానివాళ్లు తక్కువేమీ కాదు. నాణ్యతనూ ఆదరణనూ ఒకే తక్కెడలో తూచడం ఎంత కష్టమో అది చూపింది.

మన దగ్గర ఉన్న పునాదులు

తెలుగునాట ఈ ఆలోచన కొత్తగా దిగుమతి కావాల్సిన పనిలేదు. 1980లలో మొదలై 1990ల దాకా బ్రిటన్ ఆర్థిక సాయంతో నడిచిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, చుట్టుపక్కల బడుల టీచర్లు కలుసుకునే ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పాటు చేసింది. చార్టులు, పుల్లలు, గింజలతో తయారు చేసిన బోధన సామగ్రిని ఒకరిది ఒకరు చూసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. అంతకుముందే 1964-66 నాటి కొఠారి కమిషన్ స్కూల్ కాంప్లెక్సులను సూచించింది. 2020 జాతీయ విద్యావిధానం వాటికి మళ్లీ ప్రాధాన్యం ఇస్తూ, ప్రతి టీచరూ ఏటా 50 గంటల వృత్తి అభివృద్ధిలో పాల్గొనాలంది.

కాంప్లెక్స్ సమావేశం గురించి ఏ టీచరును కదిపినా వచ్చే మాట ఒకటే. వివరాలు ఇవ్వడం, సర్క్యులర్లు చదవడంతోనే పొద్దు గడిచిపోతుంది. 'ఒకే గదిలో రెండు తరగతులు కూర్చోబెట్టి భిన్నాలు ఎలా చెప్పాలి' అన్న ప్రశ్నకు చోటే దొరకదు. ఆ ప్రశ్న వాట్సాప్ గ్రూపులోకి వెళ్తుంది. అక్కడ కాసేపు మంచి జవాబులు వస్తాయి. ఎవరో బోర్డు ఫొటో పెడతారు, ఇంకొకరు రెండు నిమిషాల వాయిస్ మెసేజ్ పంపుతారు. సాయంత్రానికి అది శుభోదయాలు, గూగుల్ ఫారం లింకులు, పుట్టినరోజు శుభాకాంక్షల కింద పడిపోతుంది. మూడు నెలల తర్వాత అదే ప్రశ్న ఇంకో టీచరు మళ్లీ అడుగుతారు. 2017లో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించిన 'దీక్ష' వేదికలో కోర్సులు, పాఠాలు దొరుకుతాయి. అవి పైనుంచి కిందికి వచ్చేవి. టీచరు నుంచి టీచరుకు వెళ్లే మాటకు అది వాట్సాప్ అంత దగ్గర కాలేకపోయింది.

వ్యవసాయంలో ఇంతకంటే ముందుకు వెళ్లిన అనుభవం ఉంది. రికిన్ గాంధీ బృందం మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో మొదలుపెట్టిన 'డిజిటల్ గ్రీన్' ఆ ప్రాంతపు రైతుతోనే వీడియో తీసి, చిన్న బృందాలకు చూపించే పద్ధతి తెచ్చింది. వీడియో నడిపే మనిషి మధ్యలో ఆపి ప్రశ్నలు అడుగుతాడు, అనుమానాలు రాసుకుంటాడు. కర్ణాటకలోని 16 గ్రామాల్లో 13 నెలలపాటు చేసిన తొలి పరీక్షలో, మామూలు విస్తరణ పద్ధతితో పోలిస్తే కొన్ని సాగు పద్ధతులను ఏడు రెట్లు ఎక్కువమంది ఆచరణలో పెట్టారు. వీడియో చూడగానే రైతులు మొదట అడిగేది ఆ రైతు పేరేమిటి, ఏ ఊరు అని. జిరాక్స్ టెక్నీషియన్లు కోరుకున్నదీ, ఇక్కడి రైతులు అడిగిందీ ఒకటే.

ఆంధ్రప్రదేశ్‌లో రైతు సాధికార సంస్థ 2016 నుంచి నడుపుతున్న ప్రకృతి సాగు కార్యక్రమం కూడా ఇదే నమ్మకం మీద నిలబడింది. ఘన జీవామృతం వేసి, నవధాన్యాలు చల్లి, కషాయాలతో పురుగును అదుపు చేసి చూపిన రైతే ఇక్కడ తోటి రైతులకు నేర్పే సీఆర్పీ (కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్) అవుతాడు. మహిళా సంఘాల సమావేశాలు దానికి వేదిక. చేలో ఫలితం కనిపిస్తుంది కాబట్టి చెప్పేమాటకు సాక్ష్యం వేరే అక్కర్లేదు.

చాటున జరిగే సాయం గురించి కూడా చెప్పుకోవాలి. తెలుగు ఐటీ ఉద్యోగుల్లో 'జాబ్ సపోర్ట్' అంటే తెలియనివాళ్లు అరుదు. అమెరికాలోనో హైదరాబాద్‌లోనో కొత్త ప్రాజెక్టులో చేరి చేయలేకపోతున్న ఇంజనీరు, బయటి అనుభవజ్ఞుడికి నెలనెలా డబ్బు చెల్లించి, తెర పంచుకుని పని గట్టెక్కిస్తాడు. కంపెనీ డేటా బయటివాళ్ల కంటపడటం, లేని అనుభవం రెజ్యూమెలో రాసుకోవడం వంటి తీవ్రమైన తప్పులు ఇందులో కలిసి ఉన్నాయి. వాటిని సమర్థించలేం. అయినా జట్టులో పక్కవాడిని అడిగితే ఉద్యోగానికే ముప్పు అనే భయం ఈ వ్యాపారాన్ని ఎంతగా పోషిస్తోందో సంస్థలు పట్టించుకోవాలి.

కనిపెట్టే కన్ను

నేర్చుకునే సాధనమే నిఘా సాధనం అయితే అడిగే నోళ్లు మూతపడతాయి. 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లో ముఖాన్ని గుర్తించే హాజరు యాప్‌ను టీచర్ల సొంత ఫోన్లలో పెట్టుకోమన్నప్పుడు సంఘాలు గట్టిగా వ్యతిరేకించాయి. 2021లో మహారాష్ట్రలో అంగన్‌వాడీ కార్యకర్తలు ప్రభుత్వం ఇచ్చిన ఫోన్లను వేల సంఖ్యలో తిరిగి ఇచ్చేశారు. పాత ఫోన్లు, ఇంగ్లిష్‌లో ఉన్న పోషణ్ ట్రాకర్ యాప్ వాళ్ల ఫిర్యాదుల్లో ముఖ్యమైనవి. ఇలాంటి అనుభవం ఉన్న ఉద్యోగికి అదే ఫోన్‌లో ఇంకో యాప్ ఇచ్చి 'మీ సందేహాలు ఇందులో అడగండి' అంటే, ఆ సందేహం రేపు తన పనితీరు నివేదికలో కనిపిస్తుందని అనుమానిస్తాడు. ఆ అనుమానం న్యాయమైనదే. కెన్యాలో కిబేరా, మకువేని ప్రాంతాల ఆరోగ్య కార్యకర్తల వాట్సాప్ గ్రూపులపై 2016లో వచ్చిన అధ్యయనం దీనికి రెండో పార్శ్వం చూపింది. సూపర్‌వైజర్ గ్రూపులో ఉన్నా, మెచ్చుకుంటూ, ధైర్యం చెబుతూ నడిపినప్పుడు అది నేర్చుకునే చోటుగానే ఉండగలిగింది. అధికారి ఉండటం కంటే ఏ పాత్రలో ఉన్నారన్నది ముఖ్యం.

కృత్రిమ మేధ వచ్చాక

2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చిన ఆరు నెలల్లో స్టాక్ ఓవర్‌ఫ్లోలో కార్యకలాపాలు, చాట్‌జీపీటీ అందుబాటు అంతగా లేని రష్యన్, చైనీస్ వేదికలతో పోలిస్తే 25 శాతం దాకా తగ్గాయని 2024లో వచ్చిన ఒక అధ్యయనం లెక్క కట్టింది. అడిగేవాళ్లకు ఇది ఊరట. చీవాట్లు లేవు, ఎదురుచూపు లేదు. కానీ ఒంటరిగా అడిగిన ప్రశ్నకు వచ్చిన జవాబు పదిమందికి కనపడదు. తప్పయితే సరిదిద్దేవాళ్లూ ఉండరు. ఆ యంత్రం నేర్చుకున్నది కూడా ఇన్నేళ్లూ ఇంజనీర్లు ఒకరికొకరు రాసిన జవాబుల నుంచే.

ఇంకోవైపు కస్టమర్ సపోర్టులో పనిచేసే 5 వేలమందికి పైగా ఉద్యోగులపై ఆర్థికవేత్త ఎరిక్ బ్రిన్‌యోల్ఫ్‌సన్ బృందం 2023లో చెప్పిన ఫలితాలు ఆశ కలిగిస్తాయి. కృత్రిమ మేధ సూచనలతో గంటకు పరిష్కరించే సమస్యలు సగటున 14 శాతం పెరిగాయి. కొత్తవాళ్లలో పెరుగుదల 34 శాతం. చేయి తిరిగినవాళ్లలో దాదాపు లేదు. మంచి ఉద్యోగుల సంభాషణల్లోని నేర్పును యంత్రం కొత్తవాళ్లకు అందించింది. యురేకాలో చిట్కా కింద పేరు ఉండేది. ఇక్కడ ఎవరి నేర్పు ఎవరికి చేరిందో తెలియదు, ఇచ్చినవాళ్లకు దక్కిందేమీ లేదు.

పరిశోధకుడు మాథ్యూ బీన్ 2019లో ప్రచురించిన రోబో శస్త్రచికిత్సల అధ్యయనం ఇంకో హెచ్చరిక. మామూలు ఆపరేషన్‌లో జూనియర్ డాక్టర్ చేతులు కూడా పనిలో ఉంటాయి. రోబో వచ్చాక సీనియర్ ఒక్కరే కన్సోల్ దగ్గర కూర్చుని కానిచ్చేయగలరు. జూనియర్లు చూస్తూ నిలబడ్డారు. కొద్దిమంది మాత్రమే నిబంధనల అంచుల్లో, పెద్దగా పర్యవేక్షణ లేని అవకాశాలు వెతుక్కుని నేర్చుకున్నారు. జూనియర్ చేసే చిన్న పనులన్నీ కృత్రిమ మేధకు అప్పజెబుతున్న హైదరాబాద్ కంపెనీలు కూడా పదేళ్ల తర్వాత సీనియర్లు ఎక్కడి నుంచి వస్తారో ఇప్పుడే ఆలోచించాలి.

మొదలుపెట్టదగ్గ చోటు

ఇన్ని అనుభవాల నుంచి సాధనాలు రూపొందించేవాళ్లు తీసుకోదగ్గవి కొన్ని స్పష్టంగా ఉన్నాయి. జవాబు కంటే ముందు మనిషిని చూపించాలి. అడిగేవాళ్లకు పేరు దాచుకునే వీలు, చెప్పేవాళ్లకు పేరు నిలిచే వీలు ఉండాలి. వాయిస్, ఫొటో, తెలుగు మొదటి రోజు నుంచే ఉండాలి. ఎందుకంటే చేతులు పనిలో ఉన్న నర్సూ మెకానిక్కూ టైపు చేస్తూ కూర్చోలేరు. మంచి జవాబును తోటి అనుభవజ్ఞులు పరీక్షించి భద్రపరచాలి. ఆ సమాచారం హాజరుకూ పదోన్నతికీ వాడబోమని రాతపూర్వకంగా హామీ ఉండాలి. ఇందుకు పట్టే సమయాన్ని పనిగంటల్లోనే లెక్కించాలి. ఫలితాన్ని లాగిన్ల సంఖ్యతో కాకుండా తరగతి గదిలో, వార్డులో, చేలో వచ్చిన మార్పుతో కొలవాలి.

వీటిలో చాలావాటికి కొత్త యాప్ అవసరం లేదు. మండలంలోని ఒక స్కూల్ కాంప్లెక్సును తీసుకుంటే, ఎకో తరహాలో నెలకు రెండు గంటలు చాలు. ఒక టీచరు తన తరగతిలోని చిక్కును పిల్లల పేర్లు చెప్పకుండా వివరిస్తారు. మిగతా బడులవాళ్లు తాము చేసి చూసింది చెబుతారు. టీచర్లకు శిక్షణనిచ్చే డైట్ కళాశాల అధ్యాపకులు చివర్లో మాట్లాడతారు. పనికొచ్చిన జవాబును చెప్పిన టీచరు పేరుతో, బడి పేరుతో రికార్డు చేసి, వెతికితే దొరికేలా పెడతారు. టీచర్లు ఉన్నారు, ఫోన్లు ఉన్నాయి, సమావేశం తేదీ కూడా క్యాలెండర్లో ఉంది. ఆ రెండు గంటల్లో సర్క్యులర్లు చదవకూడదని, వివరాలు అడగకూడదని చెప్పే ఒక్క ఉత్తర్వు విద్యాశాఖ నుంచి రావాలి.